టకోమా ప్రాజెక్టు డైరీ: టైర్లు పెంచాక ఏ క్రౌన్ పినియన్ వెయ్యాలి?

ఆగస్టు 10

నిన్న సాయంత్రం కొలరాడోలోని సిల్వర్‌థోర్న్ ఊరి నుంచి కొండ మీది ఐసెన్‌హోవర్ టన్నెల్ ఎక్కేలోపు మా ట్రక్కు పదకొండుసార్లు గేరు మార్చింది. లెక్కపెట్టింది మా పాప. వెనక సీట్లో కూర్చుని, ఇంజను గొంతు మారినప్పుడల్లా ఒక వేలు మడిచింది. ఐదో గేరు నుంచి నాలుగుకి, అది చాలక మూడుకి, కాస్త వేగం అందుకోగానే మళ్లీ నాలుగుకి, అక్కడ నిలవలేక మళ్లీ మూడుకి. కింద 65 మైళ్ల వేగంతో మొదలుపెట్టి, పైకొచ్చేసరికి 52కి పడిపోయాను.

ఏప్రిల్ దాకా ఈ బండి ఇలా లేదు. 2011 టయోటా టకోమా, డబుల్ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, 4.0 లీటర్ల వీ6, ఐదు గేర్ల ఆటోమేటిక్. మే నెలలో మూడు అంగుళాలు ఎత్తు పెంచాను. 245/75ఆర్16 టైర్లు తీసేసి 285/75ఆర్16 వేశాను. వాటికి చోటు సరిపోక క్యాబ్ మౌంట్ (క్యాబిన్‌ని ఛాసిస్ మీద నిలిపే బ్రాకెట్టు) మూల కోయించాల్సి వచ్చింది. ముందు స్టీల్ బంపర్, వెనక బెడ్ మీద టెంటు. కంటికి బండి అద్భుతంగా ఉంది. కానీ యాక్సిళ్లలో మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చిన 3.73 గేర్లే ఉన్నాయి. క్రౌన్ పినియన్ అంటే ఇవే, యాక్సిల్ మధ్యలో చక్రాల్ని తిప్పే పళ్ల జత. ఆ అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ, ఇంజను తిరగడమూ ఎక్కువ. ఇంత మార్చి, అసలు మార్చాల్సినదాన్ని వదిలేశానని నిన్న ఆ కొండ మీద అర్థమైంది.

ఆగస్టు 11

ముందు కొలతలు. టైరు పక్కన రాసి ఉన్న సైజుతో లెక్కేస్తే వ్యాసం 32.8 అంగుళాలు వస్తుంది. కానీ బండి బరువుకి టైరు కింద కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి రోడ్డు మీద అది తిరిగే దూరం అంతకంటే తక్కువ. సుద్దముక్కతో టైరు మీద, నేల మీద గీత పెట్టి, డ్రైవ్‌వేలో బండిని ఒక చుట్టు తిరిగేదాకా మెల్లగా తోసి టేపుతో కొలిచాం. సరిగ్గా 100 అంగుళాలు. అంటే లెక్కకి పనికొచ్చే వ్యాసం 31.8. గరాజ్‌లో పడి ఉన్న పాత చక్రాల్ని కూడా బిగించి అలాగే కొలిచాను. 93 అంగుళాలు వచ్చింది. తేడా ఏడున్నర శాతం.

బరువు కూడా చూశాను. స్నానాల గది త్రాసు మీద పాత చక్రం టైరుతో కలిపి 58 పౌండ్లు, కొత్తది 80. ఒక్కో చక్రానికి 22 పౌండ్లు ఎక్కువ, అదీ తిరిగే బరువు. టైరు సైజు లెక్కలో ఇది ఎక్కడా కనబడదు, కాలి కింద మాత్రం తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఫోన్ జీపీఎస్‌లో 70 ఉన్నప్పుడు మీటరు 65 చూపిస్తోంది. ఓడోమీటరు కూడా అంతే తక్కువ తిరుగుతుంది. కొత్త టైర్లు వేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందని నేను బెంగపడ్డది కొంతవరకు ఈ తప్పు లెక్క వల్లే. మీటరు చూపే మైళ్లని 1.075తో హెచ్చించాక 14.4 కాస్తా 15.5 అయింది. పాత టైర్ల మీద 18 వచ్చేది. పడిపోయిన మాట నిజమే, అనుకున్నంత కాదు.

ఆగస్టు 17

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల హౌసింగ్ పని, అంటే యాక్సిల్ గేర్ల పని, చేశారు. వీడియో కాల్‌లో బండి చుట్టూ తిప్పి చూపించాను.

“టైర్లు పెంచావ్, ఎత్తు పెంచావ్. మరి క్రౌన్ మార్చలేదేంట్రా?”

“మారుద్దామనే బాబాయ్. ఏది వెయ్యాలో తేలడం లేదు. పాత పికప్ తిరిగి రావాలంటే 4.0 చాలని లెక్క చెబుతోంది.”

“ఏ రోడ్డు మీద పాత పికప్?”

నా దగ్గర జవాబు లేదు.

“క్వారీ టిప్పర్‌కీ, హైదరాబాదు లైను లారీకీ ఒకటే క్రౌన్ వెయ్యరు కదరా. రెండిటికీ టైర్లు ఒకటే అయినా వెయ్యరు. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఏ గేర్లో నిలబడాలో ముందు అది చూసుకో. చదును రోడ్డు సంగతి తర్వాత.”

మీ ఘాట్ ఎంత ఎత్తు, తిరుమలంత ఉంటుందా అని అడిగారు. తిరుమల మూడు వేల అడుగుల పైచిలుకు. మా డెన్వర్ ఊరే 5,280 అడుగుల మీద ఉంది, టన్నెల్ పడమటి ముఖం 11,158 అడుగులు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అక్కడ గాలి పలచన కదా, ఇంజను సగం ఊపిరితో లాగుతుంది. ఆ లెక్క కూడా వేసుకో” అన్నారు.

ఆగస్టు 24

వారం రోజులు రాత్రిపూట ఇదే పని. బాబాయ్ మాటతో నేను లెక్క మొదలుపెట్టే చోటు మారిపోయింది.

ఇంజను ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో) కనుక్కోవడానికి సూత్రం: మైళ్లలో వేగం × గేరు రేషియో × యాక్సిల్ రేషియో × 336, దాన్ని టైరు వ్యాసంతో భాగించాలి. ఆ 336 ఎక్కడిదంటే, మైలుకి 63,360 అంగుళాలు, గంటకి 60 నిమిషాలు, చుట్టుకొలతకి పై. ఆ మూడూ కలిస్తే వచ్చే సంఖ్య అది. నా గేర్‌బాక్సు రేషియోలు 3.52, 2.04, 1.40, 1.00, 0.716. ఇక్కడ అందరూ మొదట చూసేది టాప్ గేరు. నేనూ అదే చూశాను. 70 మైళ్ల వేగంలో ఐదో గేరులో పాత టైర్ల మీద 2,120 ఆర్‌పీఎం, కొత్త టైర్ల మీద 1,975. మళ్లీ 2,120కి రావాలంటే 3.73ని 100తో గుణించి 93తో భాగించాలి. 4.01 వస్తుంది. దొరికేవాటిలో దానికి దగ్గరది 4.10. గేర్లు అమ్మేవాళ్ల రంగుల చార్టులు చూసుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాత చార్టులు చాలావరకు ఓవర్‌డ్రైవ్ లేని, అంటే రేషియో 1.00 కంటే తగ్గని, టాప్ గేరుకి వేసినవి కూడా.

కానీ ఈ లెక్క టైరు వ్యాసాన్ని మాత్రమే సరిచేస్తుంది. బంపర్ బరువు, టెంటు బరువు, పెరిగిన ఎత్తుకి ఎదురయ్యే గాలి, ఒక్కో చక్రానికి పెరిగిన 22 పౌండ్లు ఇందులో లేవు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కొండ మీద ఐదో గేరు పాత టైర్లతో కూడా నిలిచేది కాదు. అప్పట్లో బండి నాలుగో గేరులో ఎక్కేది. కాబట్టి నేను చూడాల్సింది నాలుగో గేరుని.

టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. 11,000 అడుగుల దగ్గర మూడో వంతుకి కాస్త తక్కువ పోయినట్టే. ఫ్యాక్టరీ చెప్పే 236 హార్స్‌పవర్ అక్కడ 160 చిల్లర. అది కూడా 5,200 ఆర్‌పీఎం దగ్గర. ఈ ఇంజను గరిష్ఠ టార్క్ 266 పౌండ్-అడుగులు, 4,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. తిప్పితే లాగే ఇంజను ఇది, కింది ఆర్‌పీఎంలో డీజిల్ లారీలా లాగదు.

65 మైళ్ల వేగంతో 6 శాతం వాలు ఎక్కడానికి, లోడుతో 5,000 పౌండ్లున్న నా బండికి ఇంజను దగ్గర సుమారు 105 హార్స్‌పవర్ కావాలని నా అంచనా. ఇక నాలుగో గేరు చూడండి. 3.73తో 2,560 ఆర్‌పీఎం. ఆ ఎత్తులో అక్కడ దొరికేది 90 లోపే. అందుకే మూడుకి పడుతోంది. మూడులో 3,580 దగ్గర బలం ఎక్కువైపోయి మళ్లీ నాలుగుకి వెళ్తోంది. మా పాప వేళ్లు మడిచింది ఇందుకే. 4.10తో 2,815, ఇంకా చాలదు. 4.56తో 3,130, అంచుల్లో సరిపోతుంది, ఎదురుగాలి వీస్తే అనుమానమే. 4.88తో 3,350, అక్కడ 115 పైనే. నిలబడుతుంది.

రాత్రి పన్నెండున్నరకి ఈ అంకె తేలాక నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 2

నిర్ణయం: 4.88.

4.56 వదులుకోవడం తేలిగ్గా జరగలేదు. నేను చదును రోడ్ల మీద తిరిగేవాణ్ణయితే, డాలస్‌లో ఉండే మా వాళ్ల బళ్లలాగ సముద్రమట్టానికి దగ్గరగా నడిపేవాణ్ణయితే అదే వేసేవాణ్ణి. 75 మైళ్ల వేగంలో 4.56కి 2,590, 4.88కి 2,770. రోజంతా హైవే మీద ఉండేవాళ్లకి ఆ తేడా చెవికీ తెలుస్తుంది, పెట్రోలుకీ తెలుస్తుంది. నాకు నెలకి మూడు నాలుగుసార్లు కొండ ఉంది.

5.29 వైపు అసలు వెళ్లలేదు. దానికి కారణం ఆర్‌పీఎం మాత్రమే కాదు. రేషియో అంటే క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేది. 3.73 అంటే 41కి 11. 4.56 అంటే 41కి 9. 4.88 అంటే 39కి 8. 5.29కి వచ్చేసరికి పినియన్ మీద ఏడే పళ్లు మిగులుతాయి. క్రౌన్ సైజు పెరగదు కాబట్టి పినియన్ తలకాయే చిన్నదవుతుంది, ఒకేసారి పట్టుకునే పళ్లు తగ్గుతాయి. 33 అంగుళాల టైరుకి ఆ రిస్కు తీసుకోవాల్సిన పని లేదు.

అన్నిటికంటే సంతోషం కలిగించిన అంకె వేరే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే గేర్‌బాక్సు) ‘లో’ రేంజి రేషియో 2.566. మొదటి గేరుతో, యాక్సిల్‌తో గుణిస్తే ఇప్పుడు 33.7కి 1. 4.88తో 44కి 1. ఇంజనీర్ పాస్ లాంటి రాళ్ల దారిలో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పోయిన జులైలో అక్కడ దిగుతున్నప్పుడు వచ్చిన బ్రేకుల మాడు వాసన నాకు ఇంకా గుర్తుంది. పక్కన లోయ, వెనక పిల్లలు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు, వెనక రెండు యాక్సిళ్లూ ఒకే రేషియోలో ఉండాలి. కాబట్టి ఖర్చు రెండింతలు. బండి అప్పజెప్పేస్తే మొత్తం పని 2,600 డాలర్లన్నారు. డిఫరెన్షియళ్లు (క్రౌన్ పినియన్ బిగించి ఉండే ముద్దలు) నేనే దింపి తీసుకెళ్తే బెంచి మీద సెట్ చేయడానికి ఒక్కోదానికి 350. గేర్లు, బేరింగులు, సీళ్లు కలిపి 950. మొత్తం 1,650. దింపే పని నాదే.

అక్టోబరు 12

వెనకది దించాం. సాయానికి మా వీధి చివర ఉండే కరీంనగర్ అన్న వచ్చాడు. నా బండికి వెనక 8.4 అంగుళాల క్రౌన్, డిఫరెన్షియల్ మొత్తం ముందు వైపు నుంచి ఊడి వచ్చే రకం. డ్రమ్ముల వెనకున్న నాలుగేసి నట్లు, బ్రేకు పైపులు, ఏబీఎస్ సెన్సర్లు విప్పి ఇరుసుల్ని అరడుగు బయటికి లాగితే చాలు, ప్రెస్సుతో పని లేదు. ఉప్పు రోడ్ల తుప్పుకి కుడివైపు బ్రేకు పైపు నట్టు అరిగిపోయింది. ఆ ఒక్క నట్టుకి రెండు గంటలు పట్టింది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టాల్సింది.

“తమ్మీ, గిది మస్తు బరువుంది, జర మెల్లగ” అంటూనే అన్న ఆ ముద్దని ఛాతీకి ఆనించుకుని కిందికి దించాడు. ఆయన లేకపోతే ఆ రోజు పని అయ్యేది కాదు.

అక్టోబరు 17

సెట్ చేసిన డిఫరెన్షియల్ తెచ్చి ఎక్కించాం. కొత్త ఇరుసు సీళ్లు, కొత్త ఆయిలు. ముందుది ఇంకా 3.73లోనే ఉంది, దానికి రావాల్సిన బేరింగు కిట్టు ఆలస్యమైంది. అప్పటిదాకా టూ వీల్‌లోనే నడపాలి. పొరపాటున ఫోర్ వీల్ పడితే ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనక చక్రాలు ఇంకో లెక్కలో తిరగబోయి, ఆ పోరు ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. ఫోర్ వీల్ వేసే నాబ్ మీద ఎర్ర టేపు అంటించి, మా ఆవిడకి చూపించి మరీ చెప్పాను.

అక్టోబరు 20

రాత్రంతా మంచు పడింది. ఎర్ర టేపు చూస్తూ వంటింట్లో నిలబడ్డాను. ఇంజను వెనక చక్రాల్ని మాత్రమే తిప్పే ట్రక్కు, వెనక టెంటు తప్ప పెద్దగా బరువు లేని బెడ్డు. ఆఫీసుకి ఇంటి నుంచే పని చేస్తానని చెప్పాను. పిల్లల్ని అన్న తన బండిలో బడికి దింపాడు. ఈ పని పెట్టుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. రెండు యాక్సిళ్ల సామానూ చేతికి వచ్చాకే మొదటి బోల్టు విప్పండి.

అక్టోబరు 22

కూత వినబడుతోంది.

కొత్త గేర్లని మెత్తగా అలవాటు చేయాలి. పదిహేను ఇరవై మైళ్లు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడపాలి. 500 మైళ్ల దాకా బరువు లాగించకూడదు. అలాగే చేస్తున్నాను. మూడో విడతలో 55 మైళ్ల దగ్గర వెనక నుంచి సన్నగా ఊళ. చెయ్యి చల్లబడింది. టెన్షన్‌తో రోడ్డు పక్కన ఆపి, మళ్లీ బయల్దేరి ఫోన్లో రికార్డు చేసి బాబాయ్‌కి పంపాను.

ఆయన మొదట అడిగింది ఒకటే. “తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా?”

కాలు తీసినప్పుడు.

“అయితే పంటి రెండో వైపు సరిగ్గా కూర్చోలేదు. రంగు రాసి చూశారా, లేదా? అలాగే తిప్పితే అరిగిపోతాయి, వెంటనే దించు.”

అక్టోబరు 26

మళ్లీ దించాం. ఈసారి నట్లన్నీ కొత్తవి కాబట్టి మూడు గంటల్లో అయిపోయింది. సెట్ చేసినచోటికి తీసుకెళ్లి పక్కనే నిలబడ్డాను. పళ్లకి పసుపు రంగు పేస్టు పూసి రెండు వైపులా తిప్పారు. బండిని ముందుకి లాగే వైపు మచ్చ పంటి మధ్యలో చక్కగా పడింది. రెండో వైపు మచ్చ పంటి అడుగుకి దిగిపోయి ఉంది. అంటే పినియన్ క్రౌన్‌లోకి మరీ లోతుగా వెళ్లింది. మొదటిసారి ఆ వైపు చూడకుండానే మూసేశారని వాళ్లే ఒప్పుకున్నారు, డబ్బులు అడగలేదు. పినియన్ వెనక షిమ్ (లోతు సరిచేసే పలచని రేకు) మూడు వేలవంతుల అంగుళం తగ్గించారు. పినియన్ బేరింగుల మధ్య కొత్త క్రష్ స్లీవ్ వేశారు, అది ఒకసారి నొక్కుకుంటే మళ్లీ పనికిరాదు. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే సందు) డయల్ గేజి మీద ఆరు వేలవంతులు. మళ్లీ రంగు పూసి తిప్పితే రెండు వైపులా మచ్చ మధ్యలో నిలిచింది. ఫొటో తీసి పంపితే బాబాయ్ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: “ఇప్పుడు ముయ్యమను.”

మూడు వేలవంతుల అంగుళమంటే పలచని కాగితం మందం. ఇంత పెద్ద ట్రక్కు సుఖంగా నడవడం ఆ కాగితం మీద ఆధారపడి ఉందనేది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

అదే రోజు ముందు డిఫరెన్షియల్ కూడా ఇచ్చేశాను. ఈసారి మూసే ముందు రెండు వైపుల మచ్చల ఫొటోలు పంపమని అడిగాను.

నవంబరు 3

ముందుది ఎక్కింది. వెనకదానికంటే ఇది కష్టం. రెండు వైపులా సీవీ ఇరుసులు ఊడదీయాలి, కింద పడుకుని మౌంటుల బోల్టులు విప్పాలి, వైర్ల కనెక్టరు పగలకుండా తీయాలి. వివరంగా రాయడానికి ఓపిక లేదు, భుజాలు పోయాయి. ఖాళీ పార్కింగ్‌లోని గులకరాళ్ల మీద ఎర్ర టేపు పీకి ఫోర్ వీల్ వేశాను. ఏ బిగుతూ లేకుండా కదిలింది.

మీటరు గేర్లు మార్చకముందు ఎంత తప్పు చూపేదో ఇప్పుడూ అంతే. నా బండిలో వేగం లెక్క చక్రాల సెన్సర్ల నుంచి వస్తుంది కాబట్టి క్రౌన్ మార్పు దాన్ని తాకలేదు.

నవంబరు 23

వెనకది రెండోసారి సెట్ చేశాక 540 మైళ్లు. రెండు యాక్సిళ్ల ఆయిలూ దింపాను. అయస్కాంతం బిరడాల మీద బూడిదరంగు మెత్తటి ముద్ద, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగల్లేదు. రవ్వలు, ముక్కలు ఏమీ లేవు. కొత్త ఆయిలు పోసి, మధ్యాహ్నం అందరం డిల్లన్ సరస్సు దాకా వెళ్లాం.

పోయేటప్పుడు గమనించినవి: ఊళ్లో సిగ్నల్ దగ్గర కదలడం బాగా తేలికైంది, పాత బండి కంటే చురుగ్గా ఉంది. చదునులో 70 దగ్గర 2,580. ముందున్న నిశ్శబ్దం లేదు, అద్దాలు మూసుకుంటే మాటకి అడ్డం రాదు. ఈ మూడు వారాల సగటు మైలేజీ, సరిచేసిన లెక్కలో, 15.8. పెరిగిందని సంబరపడేంత కాదు. ఆర్‌పీఎం పెరిగితే మైలేజీ ఇంకా పడిపోతుందనుకున్నాను, అదైతే జరగలేదు.

తిరుగు ప్రయాణంలో సిల్వర్‌థోర్న్ దాటి ఎక్కడం మొదలుపెట్టాం. బండి నిండా సామాను, నలుగురం. జీపీఎస్‌లో 65. ఐదు నుంచి నాలుగుకి దిగింది. 3,350. అక్కడే ఉంది. వంపు దగ్గర లారీ వెనక కాస్త నెమ్మదించాల్సి వచ్చి మూడుకి వెళ్లి, దాటగానే నాలుగుకి వచ్చి మళ్లీ నిలబడింది. టన్నెల్ దీపాలు కనబడేదాకా కాలు కదపలేదు.

వెనక సీట్లోంచి పాప చెయ్యి ముందుకి చాపింది. మూడు వేళ్లు మడిచి ఉన్నాయి.